బొట్టుంది... మొకం లేదు

ఈ సంగతి మొదట చెప్పినవాడు పాతపట్నం కూర్మయ్య. ఈ కథలో కోడలు పద్మకుమారికి సొంత మేనమావ. కాబట్టి ఇందులో కోతలూ లేవు, కలుపులూ లేవు.

అరసవల్లిలో లాడ్జీల వెనక సందు. ఆ సందులో తాళం పడిన పెంకుటిల్లు ఒకటి. దీపాలు పెట్టే వేళ దాటితే ఆటోవాళ్లు కూడా దాని ముందు హారన్ కొట్టరు— లోపలున్నామె లేచొస్తాదని!

ఆమె మరిడమ్మ. పోయి ఐదేళ్లు. కొడుకూ కోడలూ పాతపట్నం పోయాక ముందుగదిలో ఆమె ఫోటో ఒక్కటే ఉండిపోయింది. కిటికీలోంచి తొంగి చూసినవాళ్లంతా చెప్పేది ఒకటే... అద్దం మీద బొట్టుంది. బొట్టు వెనక మొకం లేదు.

"కోడలి మొకం సూడలేక ముసిల్ది మొకం తిప్పేసింది" అన్నారు సందులో.

ఆ మాట మరిడమ్మ కూతురు ఈశ్వరి చెవిన పడింది. ఊరుకుంటాదా? పాతపట్నంలో తమ్ముడింటికి పోయి, మరదలు పద్మకుమారిని నిలదీసింది.

"ఒసే, మాయమ్మకి ఏటి సేసినావే? పద, నా కళ్లతో సూస్తాను. మొకం ఉంటే సరే. లేదా... నీకూ నాకూ రాకపోకల్లేవు. నా కూతురు పెళ్లికీ నువ్వు రాకు."

మంచాన పడిన అత్తకి అన్నం కలిపి పెట్టింది పద్మకుమారే. ఇప్పుడా అత్తే సాక్ష్యం చెప్పాలి.

బస్సు ఆలస్యమైంది. ఇద్దరూ సందులోకొచ్చేసరికి చీకటి. కరెంటు లేదు. తాళం తీస్తే తలుపు... మూలిగింది.

"నువ్వే ముందెళ్లు" అంది ఈశ్వరి, గుసగుసగా.

"మీ అమ్మే కదా వదినా..."

"మీ అత్త కాదేటి? నడు!"

సెల్‌ఫోను లైటు గోడ మీద పాకింది. దండ... చట్రం... అద్దం—

ఎర్రటి స్టిక్కర్ బొట్టు గాల్లో నిలబడి ఉంది! చుట్టూ పొగలాంటి నీలం జుత్తు. మధ్యలో సున్నం కొట్టినట్టు తెలుపు.

"అమ్మో!" ఈశ్వరి మరదలి వీపెక్కేసింది. ఇద్దరూ కలిసి గోడకి గుద్దుకున్నారు. మేకు ఊడింది. ఫోటో కింద పడి... భళ్లుమంది.

"అత్తా..." అంది పద్మకుమారి. "నామీద కోపమా?"

వంగి లైటు వేసింది. చట్రం ఊడిపోయింది. ఇన్నాళ్లూ చట్రం కర్ర కింద దాగిన ఫోటో అంచున... వేలెడు మేర ఎర్రచీర. నిగనిగలాడుతోంది. అంచు దాటితే అదే చీర నీలం!

వెనక్కి తిరిగింది. ఎదురుగా తూర్పు కిటికీ. తలుపుల్లేవు, ఊచలే.

"వదినా... కలర్ ఫోటో ఎండకి ఎన్నాళ్లాగుతాది? ఎరుపు ఎగిరిపోయి నీలమే మిగిల్తాది. రోజూ పొద్దున్నే సూరీడు నేరుగా అత్త మొకం మీదే పడ్డాడు. మా పెళ్లి ఆల్బం ఇంతకన్నా పాతదే. ట్రంకుపెట్టెలో ఉన్నాది. అందులో అత్త ఇంకా నవ్వుతానే ఉన్నాది."

"మరి ఇక్కడ తగిలించమన్నదెవలే?"

అడిగాక ఈశ్వరికే గుర్తొచ్చింది. దినాలనాడు దగ్గరుండి మేకు కొట్టించింది తనే— 'గుళ్లో సామి పాదాలు తాకే సూరీడు, మాయమ్మ మొకమూ తాకాల' అని.

ఊడిన మేకు ఏరి కొంగున ముడేసుకుంది. తర్వాత మెల్లగా— "పద్మా, పెళ్లికి అందరికన్నా ముందే వచ్చేయే. ఈ మేకు సంగతి మాత్రం... మా ఆయనకి సెప్పకు."

పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్నది పద్మకుమారే.

కానీ గుడి దారిలో టీకొట్టు రాంబాబు ఈరోజుకీ యాత్రికులకి ఆ ఇల్లు చూపించి, కోడలిదే తప్పంటున్నాడు. వాడితో నాకు మాటల్లేవు— ఈ మాట మీదే తగువు పడ్డాం. దర్శనానికెళ్లేవాళ్లెవరైనా కాస్త ఆగి, తప్పు కోడలిది కాదు, ఎండది అని, వాడి నోటితోనే పదిమందిలో అనిపించండి.