పన్నెండో గదికి ముందే పెట్టిన టిక్కు

ఆ కోవిడ్ ఏడు నవంబరులో, కెనడాలోని విన్నిపెగ్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయేది. ఆస్పత్రి గోడకి ఎవరో కట్టిన "మా వీరులు ఇక్కడ పనిచేస్తున్నారు" బ్యానరు మంచుకి బిగుసుకుపోయి, గాలి వీస్తే రేకులా చప్పుడు చేసేది. ఐసీయూ నర్సు మారిసెల్ దాని కిందుగా నడిచిన ప్రతిసారీ పళ్ళు కొరికేది. వీరులకి తోడు మనుషుల్ని ఇవ్వక్కర్లేదు. చప్పట్లు కొడితే చాలు.

ఒక నర్సుకి ఒక రోగి ఉండాల్సిన చోట ఆమెకి నలుగురు. అందరూ మత్తులో, నోట్లో గొట్టాలతో. ఊపిరి సంగతి యంత్రం చూసుకుంటుంది. నోరు కడగడం, కళ్ళు తుడవడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తల దువ్వడం మాత్రం ఏ యంత్రమూ చేయదు. "శుశ్రూష దయ కాదు, హక్కు" అని మారిసెల్ తన లాకరు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకుంది.

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగానీ, ముందు ఆ రక్షణ గౌను వేసుకో తల్లీ," అనేది లుజ్ అక్క. ఇద్దరిదీ ఫిలిప్పీన్స్‌లో ఒకటే ఊరు. లుజ్ ఈ వార్డులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది.

పన్నెండో గదిలో హెల్గా పెనర్ ఉండేది. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. అయినవాళ్ళని లోపలికి రానివ్వని రోజులు కాబట్టి కూతురు మార్లీస్ ఫోన్లోనే అడిగింది.

"అమ్మ బతుకుతుందని మాటివ్వమనను నర్సు గారూ. మురికిగా మాత్రం వదిలేయకండి. ఆవిడకి చావుకన్నా అదే భయం."

మారిసెల్ మాటిచ్చింది.

ఆ రోజు నాలుగింటికి కంప్యూటర్లో పన్నెండో గది పేజీ తెరిచింది. నోరు కడిగారా? తిప్పి పడుకోబెట్టారా? ఒళ్ళు తుడిచారా? మూడింటికీ టిక్కు పెట్టేసింది. ఇప్పుడే లోపలికెళ్ళి చేసేస్తానుగా అనుకుంది. వార్డులో చాలామంది అలాగే పెట్టేవాళ్ళు. చేశాక రాయడానికి తీరికెక్కడిది?

గౌను తాడు ముడేసుకుంటుండగా తొమ్మిదో గదిలో అలారం మోగింది.

తొమ్మిదిలోని ముసలాయన పోవడానికి రెండు గంటలు పట్టింది.

బయటికొచ్చి గడియారం చూసుకుంటే ఆరూ పది. అప్పుడు గుర్తొచ్చింది పన్నెండో గది. ఎండిన పెదాలు, నాలుక మీద గట్టిపడ్డ పొర కళ్ళముందు కదిలాయి. పరుగున వెళ్ళి అద్దాల తలుపు జరిపింది.

లోపల ఒక్క చిన్న దీపం. మాస్కు ఎంత బిగుతుగా ఉన్నా వాసన తెలిసింది. వేడినీళ్ళు, సబ్బు. మూల నుంచి తడిగుడ్డ పిండుతున్న చప్పుడు వచ్చి... ఆగింది.

మూలలో ఎవరూ లేరు.

హెల్గా పెదాలు తడిగా మెరుస్తున్నాయి. నోరు శుభ్రంగా ఉంది. నెరిసిన జుట్టు పాపిట తీసి దువ్వి ఉంది. పుణ్యాత్మురాలు ఎవరో చేసేశారు, అనుకుంది మారిసెల్. సిగ్గు, ఊరట ఒక్కసారే కమ్మాయి. దుప్పటి సర్దబోయింది.

గడ్డం కింద చుట్టిన తువ్వాలు... రెండు మణికట్లూ కలిపి గాజుగుడ్డతో కట్టిన ముడి... కాలి బొటనవేలికి పేరు రాసిన చీటీ...

పోయినవాళ్ళకి చేసేవి.

తెర మీద గుండె వేగం ఎనభై ఎనిమిది చూపిస్తోంది.

"లుజ్ అక్కా," అని తలుపులోంచి పిలిచింది. "నువ్వు ఇందులోకి వచ్చావా?"

"నాకు అయిదుగురు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగలేదు, నీ పన్నెండులోకి ఎప్పుడు రాను?" విసుక్కుంటూ గౌను తొడుక్కుని వచ్చిన లుజ్ మంచం చూసి ఆగిపోయింది. శిలువ గుర్తు వేసుకుంది.

"ముందే టిక్కు పెట్టావా?" గుసగుసగా అడిగింది.

"పెట్టాను."

"నేనూ పెట్టాను, పోయినవారం. ఏడో గదికి."

"ఏమైంది?"

"వెళ్ళేసరికి ఇలాగే చేసేసి ఉంది." లుజ్ కత్తెర కోసం జేబు తడుముకుంది. "విప్పు. తొందరగా."

తడి ముడి రాలేదు. కత్తెరతో కోశారు. తువ్వాలు లాగేశారు. చీటీ చింపేశారు. డెబ్బై... యాభై నాలుగు... డాక్టరు వచ్చాడు, మందులు ఎక్కించారు, ఛాతీ మీద నొక్కారు. ముప్పై... తర్వాత గీత.

ఆరూ యాభై.

మారిసెల్ బేసినులో వేడినీళ్ళు పట్టుకొచ్చింది. ఆఖరి స్నానమైనా తన చేత్తో చేయించాలని. దుప్పటి తీసి చూసింది. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద... ఎక్కడా మరక లేదు. చేయడానికి ఆమెకి ఏమీ మిగల్చలేదు. నీళ్ళు చల్లారేదాకా అలాగే నిలబడింది.

మార్లీస్‌కి ఫోను చేసింది. నోరు తెరవకముందే అవతల నుంచి ఏడుపు.

"తెలుసు నర్సు గారూ. చూశాను. ఆ నర్సమ్మ వీడియోలో అంతా చూపించింది. అమ్మ ఎంత శుభ్రంగా ఉందో..."

"ఎప్పుడు చూపించింది?"

"నాలుగింటికి. ఒక్క మాట మాట్లాడలేదు పాపం, పని చేసుకుంటూనే ఉంది." మార్లీస్ ముక్కు చీదుకుంది. "కానీ ఏం ఆస్పత్రండీ మీది? మాస్కులకే కరువని విన్నాను. కాళ్ళకి కూడా ఏమీ ఇవ్వరా? ఆ చల్లటి నేల మీద వట్టి కాళ్ళతో, బొటనవేలికి ఏదో చీటీతో... ఆవిడా, వెనకాల వరసలో నిలబడ్డ మిగతావాళ్ళూ."