కెరటం ప్యాకేజీలో విషం

“శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. అది దాటితే మనం చెయ్యగలిగిందేమీ ఉండదు,” అంది సరోజిని.

విశాఖలోని ఆ ఆఫీసుకి బోర్డు లేదు. సైబర్ ఇంటెలిజెన్స్ తీరప్రాంత విభాగానికి ఆమె చీఫ్. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ యుగంధర్‌ది పదకొండు ఆపరేషన్ల రికార్డు. ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

“కెరటం లైనక్స్. తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“జీతం లేని వాలంటీర్లు తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. ఒక్కో సాఫ్ట్‌వేర్‌నీ ప్యాకేజీగా కట్టి పలాసలోని బిల్డ్ సర్వర్‌కి పంపుతారు. అక్కడ రిలీజ్ మేనేజర్ డిజిటల్ సంతకం పెడితే అన్ని కంప్యూటర్లకీ అప్‌డేట్ వెళ్లిపోతుంది. ఉద్దానంలో డయాలసిస్ మిషన్లని నడిపించే కంప్యూటర్లు నడిచేది దీనిమీదే. శుక్రవారం నాలుగింటికి వెళ్లే రిలీజ్‌లో ఒక విదేశీ ముఠా విషం కలిపింది. అప్‌డేట్ గనక వెళ్లిందంటే, వాళ్లు ఎక్కడో కూర్చుని మీట నొక్కుతారు. ఇక్కడ మిషన్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.”

“లోపల వాళ్ల మనిషున్నాడా?”

“ఉన్నాడు. ఎవరో తెలీదు. మన నాగశ్రీ ఆర్నెల్లుగా ముఠాలో పనిచేస్తోంది. తమ మనిషే అనుకుని వాళ్లే ఆమెని కెరటంలో వాలంటీరుగా పెట్టారు. ఆమె చెప్పేదాకా ఎవరిమీదా చెయ్యి వెయ్యకు. అన్నట్టు, రిలీజ్ మేనేజర్ పేరు సింహాద్రి.”

ఆ పేరు ఎనిమిదేళ్లుగా యుగంధర్ గొంతులో చేపముల్లు. టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచి. ఒకే రోజున కెరటానికి చెరో ప్యాకేజీ పంపారు. సింహాద్రిది తీసుకున్నారు. యుగంధర్‌ది తప్పులెంచి మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి అతను పంపలేదు. ఆ తర్వాత దేశం కోసం రెండుసార్లు కత్తిపోట్లు తిన్నాడు. ఒక్కరికీ చెప్పుకునే వీల్లేదు. సింహాద్రి పేరు మాత్రం ప్రతి రిలీజ్‌లోనూ లోకమంతటికీ కనబడేది. యుగంధర్ వెతుక్కుని మరీ చూసేవాడు. చూసి కుళ్లుకునేవాడు.

శుక్రవారం పొద్దున పలాస స్టేషన్లో రాజమండ్రి జీడిపప్పు వ్యాపారి ఒకడు దిగాడు. తెల్ల లాల్చీ, పెట్టుడు మీసం, జేబులో కెమెరా దాచిన పెన్ను. ఆటో నేరుగా ఓ పాత జీడి ఫ్యాక్టరీకి పోనిచ్చాడు. కింద ఆడవాళ్లు పిక్కలు కొడుతున్నారు. పైన, సింహాద్రి మావయ్య ఉచితంగా ఇచ్చిన రెండు గదుల్లో, బిల్డ్ సర్వర్లు.

మెట్ల మీద నల్ల కళ్లద్దాలు, సముద్రప్పచ్చ చీరతో ఒకామె దిగుతోంది. పిక్కలు కొట్టే చేతులన్నీ ఓ క్షణం ఆగాయి.

“ఈ యేడు పిక్క ఎలాగుందండీ?” అన్నాడు యుగంధర్.

“గింజ మంచిదే. పొట్టే వదల్లేదు.”

కోడ్ కలిసింది. నాగశ్రీ పెదవులు కదపకుండా చెప్పింది. “విషమున్న ప్యాకేజీ తెలిసింది. పెట్టింది ఎవరో నాలుగు లోపే తేలుస్తా. సింహాద్రి మాత్రం కాదు.”

“అంత నమ్మకమా?”

“ఆర్నెల్లుగా పక్కన కూర్చుని చూస్తున్నాను. అలాంటి మనిషి దొరకడు.”

ఆ మాట యుగంధర్‌కి కత్తిపోటు కంటే లోతుగా దిగింది.

మధ్యాహ్నం ఎదుటి మేడ మీంచి బైనాక్యులర్స్‌లో చూశాడు. సింహాద్రి ఏదో అన్నాడు. నాగశ్రీ తల వెనక్కి వాల్చి నవ్వింది. నాలుగు ఆపరేషన్లలో కలిసి పనిచేసినా ఆమె తనతో అలా ఒక్కసారీ నవ్వలేదు. ప్రేమలో పడింది, అందుకే కాపాడుతోంది అనుకున్నాడు. అనుకోగానే సింహాద్రి చేసే ప్రతి పనీ ద్రోహంలాగే కనబడింది. కిటికీ మూసినా అనుమానమే, ఫోన్ తీసినా అనుమానమే.

మూడుంబావుకి మెట్ల దగ్గర కాపు కాసి, రివాల్వర్ చూపించి, సింహాద్రిని డిపార్ట్‌మెంటు జీపెక్కించాడు. లాప్‌టాప్ బ్యాగు లాక్కున్నాడు. పెట్టుడు మీసం పీకి పారేశాడు.

“ఏటి బావా, నువ్వా!” సింహాద్రి నోరు తెరిచాడు. “ఇదేటి, నన్నేటి సేత్తన్నావు?”

“నోర్ముయ్.”

ఉద్దానం జీడితోటల మధ్య డిపార్ట్‌మెంటు రహస్యంగా వాడుకునే కొబ్బరి గోడౌను ఉంది. సింహాద్రిని కుర్చీకి కట్టేసేసరికి ఫోన్ మోగింది. నాగశ్రీ గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది.

“ఎక్కడ పెట్టావ్ సింహాద్రిని? ముఠా మనిషి అతని డిప్యూటీ, కామేశ్! మూడున్నర దాకా మేనేజర్ లేకపోతే సంతకం హక్కు డిప్యూటీదే. ఇప్పుడు కామేశ్ గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. అది ఇనప తలుపు. సర్వర్ సంతకం తీసుకునేది నాలుగింటికే, పోలీసులు వచ్చేసరికి అది దాటుతుంది. వాళ్లకి కావలసిందే నువ్వు చేసిపెట్టావ్ యుగంధర్!”

లైన్ తెగింది. టైము మూడూ నలభై మూడు.

పదకొండు ఆపరేషన్లలో ఏ శత్రువూ యుగంధర్‌ని ఇంత తేలిగ్గా వాడుకోలేదు. తాడు విప్పి, తల దించుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

సింహాద్రి తిట్టలేదు. “రిలీజ్ ఆపాలంటే ప్యాకేజీలు సూసుకునే మెయింటైనర్లం ఇద్దరం ఓటెయ్యాల. నానొకడిని. మందసలో బేబి టీచర్ ఉంది. ఇక్కడ సిగ్నల్ సాలదు బావా, ఆ వాటర్ ట్యాంకు ఎక్కుదాం, రా!” అని లాప్‌టాప్ అందుకుని పరుగెత్తాడు. పరుగెడుతూనే అన్నాడు. “మాయమ్మ ఇప్పుడా మిషను మీదే ఉంది. శుక్రవారం ఆవిడ వంతు.”

యుగంధర్ అతన్ని దాటి ముందుకు పరుగెత్తాడు. కాలేజీ రోజుల్లో ఆ అమ్మ చేతి చేపల పులుసు తిన్నవాడే.

ట్యాంకు మెట్ల చివర రెండు గీతల సిగ్నల్ దొరికింది. సింహాద్రి ఒళ్లో లాప్‌టాప్. యుగంధర్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫోన్ నెత్తిమీద ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి దించితే లైన్ పోతోంది.

ఆడియోలో బేబి టీచర్ గొంతు వినబడింది. వెనక పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. “నాగశ్రీ సెప్పిన ప్యాకేజీ నా మెషిన్లో మళ్లీ కడతన్నాను తమ్ముడూ. ఒకే సోర్సు కోడు ఎక్కడ కట్టినా అచ్చు ఒకేలాగ రావాల గదా. కళ్లతో సూడకుండా ఓటెయ్యను.”

“ఎయ్యొద్దక్కా. సూసే ఎయ్యి.”

“టైము లేదురా!” అరిచాడు యుగంధర్.

“రూలు రూలే బావా. నిన్నూ అలాగే తిప్పి పంపినారు, నన్నూ అలాగే తిప్పినారు. నాది ఆరుసార్లు.”

యుగంధర్ అతని వైపు తిరిగాడు. చెయ్యి కిందికి జారింది. లైన్ పోయింది. రెండో చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద లేచాడు. లైన్ వచ్చింది.

మూడూ యాభై తొమ్మిది.

“రెండూ ఒకలాగ లేవు!” బేబి టీచర్ కేక. “సర్వర్‌లో ఉన్నది వేరే సరుకు! ఆపుతున్నా!”

సింహాద్రి కీ నొక్కాడు. తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు వరసలు పడ్డాయి. కామేశ్ సంతకం చేరింది. దానికి ఒక్క సెకను ముందే రిలీజ్ ఆగిపోయింది.

పలాసలో కామేశ్ గడియ తీసి బయటికొచ్చేసరికి గుమ్మంలో నాగశ్రీ పిస్తోలుతో నిలబడి ఉంది. అతని కోసం ఎదురు చూస్తున్న ముఠా ఏజెంటుని రైల్వే పోలీసులు ప్లాట్‌ఫారం మీదే పట్టుకున్నారు.

సోమవారం సరోజిని రిపోర్టు చదివి కళ్లజోడు తీసింది.

“తప్పు మనిషిని నిర్బంధించావు. అరగంట. కారణం అన్నచోట ఖాళీ వదిలావేం?”

“అసూయ మేడమ్.”

“ఇప్పుడు తగ్గిందా?”

“నాగశ్రీ ఇంకో వారం సెలవు పెట్టి పలాసలోనే ఉంటానంది మేడమ్.” యుగంధర్ కిటికీ వైపు చూశాడు. “తగ్గలేదు.”

సరోజిని పెన్ను అతని వైపు తోసింది.

“ఈ ఫారంలో అసూయకి గడి లేదయ్యా. ‘స్థానిక పరిస్థితుల ప్రభావం’ అని రాసెయ్.”