అక్కయమ్మ వేళ్ళు

చిత్రావతి పొంగి బాగేపల్లి దారి మూడు రోజులు తెగిపోయిందే, ఆ వానల యేటికి నాలుగో యేడు జరిగిన సంగతి ఇది.

ఆ రోజు కూడా అక్కయమ్మ అందరికంటే ముందు లేచింది. పొయ్యి ముట్టించి మొగుడికి నీళ్ళు కాచింది. మునిశామప్ప నీళ్ళు పోసుకుని, వసారాలో కూర్చుని రాగి అంబలి తాగాడు. ఏమీ మాట్లాడలేదు. ఆయన నోరు తెరవడం ఆ ఇంట్లో పండుగలాంటిది, యేడాదికి రెండు మూడు సార్లే.

వాళ్ళుండేది దిబ్బూరహళ్ళి దగ్గర మూతపడిన పట్టు ఫ్యాక్టరీ వెనక లైను ఇండ్లలో. ఒక గది, ముందర వసారా. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ మునిశామప్ప బాయిలరులో కట్టెలు వేశాడు. అక్కయమ్మ వేడినీళ్ళ తొట్టి ముందు కూర్చుని, ఉడికిన పట్టుగూళ్ళలోంచి దారం తీసింది. మునిశామప్ప ఒక మేస్త్రీ కింద కూలీ కాబట్టి హాజరీ పుస్తకంలో అతని పేరు లేదు. ఇల్లు అక్కయమ్మ పేరు మీదే ఇచ్చారు.

ఇప్పుడు ఆ స్థలాన్ని ఒక కంపెనీ కొన్నది. పాత షెడ్డూ పొగగొట్టమూ అట్లే ఉంచి, మట్టి ఇటుకలతో ఇండ్లు, ఎండతో కరెంటు, వాననీళ్ళతో తోటలు పెట్టి కొత్త ఊరు కడతారట. లైను ఇండ్లు మాత్రం పడగొడతారు. హాజరీ పుస్తకంలో పేరున్నవాళ్ళకు కొత్త ఊళ్ళో చిన్న ఇల్లు ఇస్తారు. కాకపోతే మిషన్ మీద వేలిముద్ర పడాలి. అక్కయమ్మ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పడలేదు. ఈరోజే కడపటి రోజు.

చింతామణిలో ఉంటూ అక్కడి టమాటా మండీలో పనిచేసే కొడుకు పురుషోత్తమ్ ఆ పూట సెలవు పెట్టి వచ్చాడు. సగం కోసిన నిమ్మకాయ తల్లి చేతికిచ్చాడు.

"దీంతో రుద్దుకోమ్మా. ముద్ర బాగా పడతాదంట."

"మొన్న పాలన్నావు. నిన్న కొబ్బెర నూనె అన్నావు. ఇంక తిరగమోత పెట్టేదొకటే మిగిలుండాది" అంది అక్కయమ్మ.

కోడలు చైత్ర నవ్వు ఆపుకుంది. రోజూ చింతామణి నుంచి బస్సులో వచ్చి కంపెనీ ఆఫీసులో ఆ మిషన్ ముందు కూర్చునేది ఆమే. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆఫీసు దగ్గర పక్కింటి చిక్కమ్మ ఇంటి కాగితం పట్టుకుని ఎదురొచ్చింది. ఫ్యాక్టరీలో ఆమె కసువు ఊడ్చేది.

"నాది ఒక్క దెబ్బకే పడిందక్కా. పొరక పట్టిన చెయ్యి కదా, గీతలన్నీ అట్లే ఉండాయి."

చైత్ర అత్త వేళ్ళు ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి అద్దం మీద పెట్టింది. పది వేళ్ళకూ ఎర్రదీపమే వెలిగింది. కాలి కాలి మానిన తోలు, గులకరాయిలాగా నున్నగా ఉంది. కంటి మిషన్ కూడా పెట్టి చూసింది. కళ్ళకు పొరలు, అదీ పడలేదు.

"ఇంకొకసారి గట్టిగా ఒత్తు అత్తా."

అక్కయమ్మ ఒత్తింది. మళ్ళీ ఎర్రదీపం. చైత్ర లేచిపోయి పై ఆఫీసరు శ్రీనివాసమూర్తిని పిలుచుకొచ్చింది. ఆయన మంచివాడే. ముసలామెకు కుర్చీ వేయించాడు.

"ఈమె ఎవరో నాకు తెలుసమ్మా. మిషన్‌కు తెలియాలి కదా. బెంగళూరుకు రెండుసార్లు రాశాను. ముద్ర లేకుండా కుదరదన్నారు."

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేకపోయింది.

బయట పాత తొట్లు కడిగి వరసగా బోర్లించారు. కొత్త ఊళ్ళో వాటిలో తామరపూలు పెంచుతారట. అక్కయమ్మ ఒకదాని ముందు నిలబడిపోయింది.

"ఇది నాదే. ఈ మూల పెచ్చు ఊడిందా లేదా, చూడు."

తోడు వచ్చిన మునిశామప్ప చూశాడు. ఊడే ఉంది.

సాయంత్రం ఇంట్లో పురుషోత్తమ్ పెండ్లాం మీద విరుచుకుపడ్డాడు.

"మిషన్ నీ చేతిలోనే ఉండాది కదా. నీ వేలు పెట్టుంటే పోయేదేముంది?"

"నా వేలు పెడితే నా పేరొస్తాది. అత్త పేరు యాడొస్తాది? నేనేమన్నా సుఖంగా కూర్చోనుండానా అక్కడ? ఆ ఎర్రదీపం వెలిగినప్పుడల్లా అత్త ముఖం చూడలేక, తుడిచిన అద్దమే మళ్ళీ తుడస్తా ఉండా."

పురుషోత్తమ్ తల్లివైపు తిరిగాడు.

"అన్నేండ్లు ఆ తొట్లో చేతులు పెట్టి ఏం సంపాదించినావమ్మా? ఇల్లు పాయె. వేళ్ళన్నా మిగల్చుకోలేకపోతివి."

అక్కయమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నీళ్ళు అంత వేడిగా ఉండె నాయనా. ఏం చేసేది?"

"కాగబెట్టింది నేనే."

అందరూ వసారా వైపు తిరిగారు. మునిశామప్ప నేలను చూస్తూ మాట్లాడుతున్నాడు.

"మేస్త్రీ వచ్చి, వేడి చాలలేదు, గూళ్ళు ఉడకలా, ఇంకా ఎయ్యి అనేవాడు. నేను రెండు మొద్దులు ఎగేసేవాణ్ణి. నీళ్ళు తాళలేకపోతే లోపల ఆడోళ్ళు గరిటెతో బాయిలరు గొట్టం మీద తట్టేవాళ్ళు, తగ్గించమని. మీయమ్మ మూడు తట్లు తట్టేది. ఆ మూడు తట్లు నాకు తెలుసు. ఇనపడేది. ఇనపడనట్లే ఉండినా."

 నాయన అన్ని మాటలు ఒకేసారి అనడం పురుషోత్తమ్ పుట్టాక వినలేదు.

"నాకు తెలుసులే" అంది అక్కయమ్మ. "తట్టినాక ఇంకా కాగేది. అయినా తట్టేదాన్ని. నువ్వు మంట తగ్గించుంటే పని తీసేసుంటారు. వీడప్పుడు కడుపులో ఉండె."

"ఒక్కనాడన్నా అడగలేదే నన్ను."

"అడిగితే నువ్వు చెప్పేవాడివా ఏంది?"

మునిశామప్ప తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.  పురుషోత్తమ్ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కొంగులోంచి ఆమె చెయ్యి బయటికి తీసి పట్టుకున్నాడు. ఆ నున్నటి వేళ్ళను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. అమ్మ చేతులంటే అట్లే ఉంటాయనుకున్నాడు.

"చింతామణికి వచ్చేయండి నాయనా" అన్నాడు చివరికి. "ఒకటే రూము. ఎట్లో సర్దుకుందాం."

చైత్ర లేచి గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది. వేరే దారేముంది?

మరుసటి రోజు మునిశామప్ప పెండ్లాం కంటే ముందు లేచాడు. పొయ్యి ముట్టించి నీళ్ళు కాచాడు. వెడల్పాటి గిన్నెలో పోసి, చన్నీళ్ళు కలిపి, మోచేతిదాకా తన చెయ్యి ముంచి చూశాడు. ఇంకొంచెం చన్నీళ్ళు కలిపాడు. నిద్ర లేచి వచ్చిన అక్కయమ్మను పీట మీద కూర్చోబెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆ నీళ్ళలో ఉంచాడు.

బయట పురుషోత్తమ్ టెంపోలోకి సామాన్లు ఎక్కిస్తున్నాడు.  నీళ్ళు గోరువెచ్చగా, హాయిగానే ఉన్నాయి. అయినా అక్కయమ్మ మొగుడి ముఖం చూస్తూ గిన్నె అంచు మీద వేలితో మూడుసార్లు తట్టింది.

మునిశామప్ప గబుక్కున లేచి చెంబెడు చన్నీళ్ళు తెచ్చి పోశాడు.