కొర్రలు దంచిన పెళ్ళికొడుకు

"కాళ్ళ సత్తువలో ఆడామగా తేడా కొంచెమే. చేతుల్లో మాత్రం మీకుండేది సగమే. మా కాలేజీలో ఇనపగుండు ఎత్తించి చూసినారు."

పెళ్ళిచూపులకు వచ్చినవాడు అనవలసిన మాట కాదిది. అందులోనూ పిల్ల చేతిలో రోకలి ఉన్నప్పుడు.

1956 వేసవి. పదిమైళ్ళ పరుగులో కర్నూలు కాలేజీకి మెడల్ తెచ్చిన నరసింహ, తల్లితో కలిసి బద్వేలు దగ్గరి పల్లెకు ఒక రోజు ముందే దిగాడు. అందుకే రామసుబ్బమ్మ పట్టుచీరలో కాక, పెరట్లో కొర్రలు దంచుతూ కనబడింది. "నన్నడక్కుండా మాటియ్యొద్దు నాయనా" అని ఆమె తండ్రికి ముందే చెప్పి ఉంచింది. ఈమె ఔనంటే చాలునని నరసింహకు మొదటి నిమిషంలోనే అనిపించింది. రెండో నిమిషంలో ఈ మాట అన్నాడు.

"గుండు ఎన్నిసార్లు ఎత్తించినారప్పా?"

"ఒక్కసారే."

"ఈడ మూడు శేర్లుండాయి. రా."

రెండో రోకలి అతని చేతికిచ్చింది. ఒకే రోట్లో ఒకరి తర్వాత ఒకరు పోటు వేయాలి.

నరసింహ మొదటి పోటుకు గోడమీది కాకి లేచిపోయింది. యాభై పోట్ల దాకా అతనే వీరుడు. నూరయ్యేసరికి భుజాలు మొండికేశాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. రామసుబ్బమ్మ మాత్రం కుడిచేతి నుంచి ఎడమచేతికి రోకలి మారుస్తూ, ఊపిరైనా చెదరకుండా దంచుతోంది.

"అలుపు రాదా నీకు?"

"కిందికి కొట్టేది రోకలే చూసుకుంటాదప్పా. మనం పైకెత్తితే చాలు. నువ్వు కొట్టికొట్టి ఏం చేసినావో చూడు."

చేటలో చెరిగి చూపింది. సగం నూకలే.

నరసింహ నూకల్ని చూడలేదు. ఆ సన్నటి చేతుల్నే చూశాడు.

"మా మాష్టరు ఒక్కసారే ఎత్తించి తప్పు చేసినాడు. పదిమైళ్ళు పరుగెత్తేవాణ్ణి, నీ పక్కన నూరు పోట్లు నిలవలేకపోతిని. నేర్పుతావా?"

"మాటలు తర్వాత. చెయ్యి మార్చు."

ఈసారి రోకలిని దాని బరువుకే వదిలాడు. రెండు రోకళ్ళూ ఒకదాన్నొకటి తాకకుండా లేచి పడసాగాయి.

ఆ చప్పుడుకు లోపల మజ్జిగ తాగుతున్న పెద్దలు పెరట్లోకి వచ్చారు. తండ్రి ఓబులేసు నెత్తి కొట్టుకున్నాడు.

"పెండ్లికొడుకుతో దంచిస్తాండావా అమ్మే! వాళ్ళు సాయంత్రం బస్సుకు పోవాలంట. ఏమని చెప్పేది?"

రామసుబ్బమ్మ రోకలి ఆపలేదు.

"సరేనని చెప్పు నాయనా. బస్సు మాత్రం రేపు చూసుకోమను. ఇంకా రెండు శేర్లుండాయి."

నరసింహ తల్లి దిగులుగా కొడుకు అరచేతుల వంక చూసింది. కొడుకు తల్లి వంక చూడలేదు. చూస్తే పోటు తప్పుతుంది.