మా అయ్య సెలవు మీద వచ్చినాడు

మా రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర మా ఇంట్లో ముందుగది చిన్నది. నలుగురు కూర్చుంటే ఐదోవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. ఆ మధ్యాహ్నం ఆ గదిని నా చేత్తోనే తుడిచినాను. పనిమనిషి తుడిస్తే మూలలు వదిలేస్తుంది. వచ్చేవాడు గణపతిరావు. మూలలో దుమ్ము కనిపిస్తే ఇందా పేట బజారు దాకా చెప్పుకుని తిరుగుతాడు.

గణపతిరావు మా అయ్యకి అన్నగారి కొడుకు, నాకు తమ్ముడి వరస, నన్ను అప్పా అంటాడు. వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని మనుషుల్ని పురుగుల్లా చూస్తాడు. నేను వాణ్ణి అంతకంటే తక్కువగా చూస్తాను. మొన్న మాఘంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా తమ్ముడు ఎర్రయ్యని పట్టుకుని, "నువ్వూ మా వంశమేనేటి? పైడయ్య సిన్నాన్న యుద్ధానికెళ్ళి మరి రానేదు కదా. నువ్వెలాగొచ్చినావురా?" అన్నాడు. పంక్తంతా నవ్వింది. ఎర్రయ్య తలొంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి.

ఆ మాట వాళ్ళింట్లో కొత్తగా పుట్టింది కాదు. వాళ్ళమ్మ కుళాయి దగ్గర మా అమ్మ దాలమ్మని అన్నదే. మా అమ్మ ఆ మాట మోసుకునే పోయింది. మా అయ్య పైడయ్య పట్టాలు వేసే పనివాడు. జపాను యుద్ధంలో ఫౌజులోకి తీసుకుని అస్సాం వైపు పంపినారు. యుద్ధం అయిపోయాక "పోయినాడు" అని ఒక్క ముక్క చెప్పి పంపినారు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను అడిగినాను. మా అయ్య ఎన్నాళ్ళు బతికున్నాడో సర్కారు చేత చెప్పించి గణపతిరావు మొహాన కొట్టాలని.

ఉత్తరం రాసింది సిరిల్ మాస్టారు. పక్కింటి మనిషి, రైల్వే బడిలో పాఠాలు చెప్పినవాడు. చదువుకున్నవాడేగానీ బిస్కెట్టు టీలో ముంచి సగం గ్లాసులోనే వదిలేస్తాడు. ఫౌజు రికార్డుల ఆఫీసువాళ్ళు అయ్య ఫౌజు నంబరు చెప్పమంటే తెల్లమొహం వేసినాడు. నేను వంటింట్లోంచి అయ్య ఇత్తడి కంచం తెచ్చి బోర్లించినాను. వెనకటికి గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు వీధిలోకి వస్తే, అమ్మ అయ్య దగ్గర్నుంచి వచ్చిన కవరు చూపించి, ఇందులో ఆయన పేరుంది, అది కొట్టమందట. వాడు పేరు వదిలేసి పక్కనున్న ఫౌజు నంబరు కొట్టినాడు. అమ్మకి చదువు లేదు. పోయేదాకా ఆ అంకెలే మా అయ్య పేరనుకుని తోమేది.

వైశాఖంలో జవాబు వచ్చింది. మాస్టారు చింపబోతే చెయ్యి పట్టుకున్నాను.

"గణపతి ముందర సింపాల. ముందే సదివితే మనం మార్సినామంటాడు."

అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఎందుకంటే నేను చూసినాను.

అది నలభై నాలుగో సంవత్సరం, రథయాత్ర రోజు. నాకు ఐదేళ్ళు. ఒళ్ళంతా అమ్మవారు పోసి, వేపాకుల మధ్య చాప మీద పడున్నాను. క్వార్టర్ల వరసంతా ఖాళీ. అందరూ రథం లాగడానికి పోయినారు. దూరంగా శంఖాలు. అప్పడాలు వేగుతున్న వాసన, బొగ్గు పొగ. చీకటి పడుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఖాకీ బట్టలు. బూట్ల నిండా ఎర్రమన్ను, ఇంకా తడిగానే ఉంది. అమ్మ దీపం ఎత్తి చూసి కూలబడిపోయింది.

"సెలవు దొరికిందా?" అంది.

ఆయన తల ఊపినాడు. అంతే. అమ్మ ఆ కంచంలోనే అన్నం పెట్టింది. ఆయన కలిపినాడు. కలుపుతూనే ఉన్నాడు. ఒక్క ముద్ద నోట్లోకి పోలేదు. తర్వాత నా నుదుటి మీద చెయ్యి వేసినాడు. నీళ్ళకుండ అడుగులా చల్లగా ఉంది. నా జ్వరం దిగిపోయింది. తెల్లారి లేస్తే ఆయన లేడు. మరుసటి ఉగాదికి ఎర్రయ్య పుట్టినాడు.

సెలవు మీద వచ్చినాడని అమ్మ ఎంత చెప్పినా, వరసలో ఎవరూ చూడలేదు గనక రాలేదన్నారు. ఐదేళ్ళ పిల్ల మాట ఎవడు వింటాడు.

గణపతిరావు వచ్చేసరికి పడమర నల్లబడింది. ఇస్త్రీ చొక్కా, సెంటు, ఉబ్బసం. మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఎర్రయ్య మూల మంచం మీద ఎప్పట్లాగే గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఏటప్పా, టీకే పిలిసినావా?"

"టీ మాస్టారికి. నువ్వు సెవులు తెచ్చుకుంటే సాలు."

మాస్టారు కవరు చింపినాడు. అప్పుడే కాలబైశాఖి గాలివాన విరుచుకుపడి కిటికీ రెక్కల్ని బాదింది. తడిమట్టి వాసన గదినిండా కొట్టింది. కరెంటు పోయింది. పట్టపగలు చీకటైపోయింది. మాస్టారు ఫోన్ లైటు వేసుకుని తనలో తాను చదువుకున్నాడు. పెదాలు ఆగిపోయినాయి.

"జోగమ్మ గారూ... తర్వాత చూద్దామండి."

"నామీద జాలి నాకక్కర్నేదు. గట్టిగా సదువు."

చదివినాడు. పేరు మా అయ్యదే. నంబరు కంచం మీదదే. పట్టాలు వేస్తున్న చోట బాంబు పడింది. అక్కడే మట్టి చేసినారు. పోయింది నలభై నాలుగు ఏప్రిల్‌లో.

రథయాత్ర జూన్‌లో.

గణపతిరావు వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టినాడు. ఆ కాస్త వెలుగులో వాడి పళ్ళు కనిపించినాయి.

"నేనేటనగల్నప్పా. సర్కారే అంది."

"నేను సూసినాను."

"సచ్చినోణ్ణి సూసినావా?"

పొరపాటు పడ్డానంటే అక్కడితో మా అమ్మ బతుకు బజారు పాలు. నేను అననిస్తానా.

"అవును. సచ్చినాకే వొచ్చినాడు. మీ అయ్య బతికుండి, పక్క వరసలో ఉండి, ఒక్కనాడు మా గుమ్మం తొక్కినాడా?"

వాడు నవ్వబోయి ఆగినాడు. ఏదో తట్టినట్టుంది. "అయితే మరి ఎర్రయ్య..." అని మూలకి తిరిగినాడు. మాస్టారి ఫోన్ ఆరిపోయింది.

చీకటి. రేకుల మీద వడగళ్ళు. ఎంతసేపో... తర్వాత ఒక్కసారిగా ఆగిపోయినాయి. అన్నీ వినబడుతున్నాయి. గణపతిరావు ఉబ్బసం ఈల వేస్తోంది. మాస్టారు ముక్కుతో గాలి గుంజుతున్నాడు. నా ఊపిరి నాకు తెలుస్తోంది. గదిలో నలుగురం ఉన్నాం. మూల మంచం మీంచి... ఏమీ లేదు.

గణపతిరావు కూడా వింటున్నాడు.

"అప్పా..." గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఆడు ఊపిరి తీత్తన్నాడా?"

"నోర్ముయ్."

"ఎర్రయ్యా... ఒరే..."



కుర్చీ పడింది. గణపతిరావు చెప్పులు కూడా వేసుకోకుండా బురదలోకి పరిగెత్తినాడు. వెనకే మాస్టారు, ప్రభువా ప్రభువా అనుకుంటూ. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు.

నేను తలుపు వేసి గడియ పెట్టినాను. దెయ్యాలంటే నాకు మొదట్నుంచీ లోకువే. బతికున్నవాళ్ళు పెట్టిన బాధ ముందు అవెంత. అయినా మంచం దాకా పోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

కిటికీ సందులోంచి వచ్చే కాస్త వెలుగులో ఎర్రయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లడు. వీడు దగ్గినట్టు గుర్తుచేసుకుందామనుకున్నాను. తుమ్మినట్టు. మెట్లెక్కి ఆయాసపడినట్టు. చిన్నప్పుడు ఏడ్చి ఏడ్చి వెక్కినట్టు. ఎంత వెతికినా... ఒక్కటీ గుర్తు రాలేదు.

పసిపిల్లలకి పెట్టినట్టు వాడి ముక్కు కింద చెయ్యి పెట్టినాను.

ఊపిరి తగిలితే వీడు ఎవడో బతికున్నవాడి కొడుకు. అమ్మ ఓడిపోతుంది. తగలకపోతే అమ్మ చెప్పిందే నిజం. తగలకూడదని కోరుకున్నాను. నా చేత్తో పెంచిన తమ్ముడికి ఊపిరి లేకుండా ఉండాలని కోరుకున్నాను.

తగల్లేదు.

ఇంకా ఉంచినాను. ఏమీ తగల్లేదు. నా మనసు కుదుటపడింది.

అప్పుడు వాడు, కళ్ళు తెరవకుండా, మెల్లగా అన్నాడు.

"సెయ్యి తీసెయ్యప్పా. అమ్మ కూడా ఇలాగే సూసీది."