ఆగయ్యకు పెట్టిన ముద్ద

తెల్లవారి పద్మారాణి పాలు పొయ్యి మీద పెట్టేసరికి, అత్త లింగవ్వ అప్పటికే తలస్నానం చేసి వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమె భర్త ఆగయ్య కరోనాతో ఆసుపత్రిలో పోయి అది మూడో రోజు. ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు, అంటే కాకికి, పెట్టడం వాళ్ల ఆచారం. కాకి ముడితే పోయినవాళ్లే వచ్చి తిన్నట్టు, వాళ్ల కోరిక తీరినట్టు. ఆగయ్యకు మేకమాంసమంటే ప్రాణం.

“జర మటన్ తెప్పియ్యి కొడుకా,” అంది లింగవ్వ, కొడుకు నరహరితో.

నరహరి తల వంచుకున్నాడు. సూరత్‌లో తండ్రీకొడుకులు ఏళ్లపాటు మగ్గాలు నడిపి, ఉన్ అనే బస్తీలోని ఇరుకు గది వదిలి, పల్సానా దారిలో ఈ ఫ్లాట్ కొనుక్కున్నారు. చేరిన వారానికే కోడిగుడ్డు వేపుడు వాసన పక్కింటికి పోయింది. సొసైటీ పెద్దలు వచ్చి, ఈ బిల్డింగులో గుడ్డూ మాంసమూ వండకూడదని మర్యాదగానే చెప్పి వెళ్లారు. సొంతింట్లో పొయ్యికి కూడా కట్టడి ఉంటుందని ఆ కుటుంబానికి అంతవరకు తెలియదు. ఆగయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆదివారాలు ఉన్‌కు పోయి, మగ్గాల దగ్గరి పాత జోడీదారు గంగారాం గదిలో తిని వచ్చేవాడు. కరోనా వచ్చాక అదీ ఆగిపోయింది.

“ఈడ వద్దే అవ్వా. పప్పు, గారెలు చేద్దాం. ఇప్పటికే కరోనా ఇల్లని మనల్ని చూసి తలుపులేసుకుంటున్నరు,” అన్నాడు నరహరి.

లింగవ్వ కొడుకు వైపు తిరిగింది.

“జరమొచ్చి పండుకున్నప్పుడు, నోరు చప్పగుంది, జర మేక బొక్కల రసం పొయ్యిమన్నడు మీ నాయిన. తగ్గినంక చూద్దామన్నవు. తగ్గలే. ఇప్పుడు గూడ రూలేనా?”

“ఈ ఇల్లు ఎవరి కోసం కొన్న అవ్వా? మీ కోసం గాదా?” నరహరి గొంతు పెరిగింది.

“ఇల్లు నేనడిగిన్నా? ఒక్క ముద్ద అడుగుతున్న, అది గూడ ఆయినకు.”

లింగవ్వ లేచి చెప్పులు వేసుకుంది. ఉన్‌కు ఒక్కతే పోతానంది. పద్మారాణి పొయ్యి కట్టేసి, మసాలాలు మూటగట్టుకుని అత్త వెనకే నడిచింది. మొగుడి ముఖం చూడలేదు. వాళ్లు మెట్లు దిగుతుంటే, నరహరి గబగబా మాస్కు కట్టుకుని వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు.

గంగారాం మారుమాట లేకుండా గది వాళ్లకు వదిలి, తాను డాబా మెట్ల మీద కూర్చున్నాడు. అంటుకుంటుందన్న భయం ఆయనకూ ఉంది. అయినా పొమ్మనలేదు. నరహరి మాంసం తెచ్చి, తనే ఉల్లిగడ్డ కోసి, తనే వండాడు. లింగవ్వ విస్తట్లో అన్నం, కూర పెట్టి డాబా గోడ మీద ఉంచింది.

కాకులు చుట్టూ తిరుగుతున్నాయి కానీ దిగడం లేదు. ఎండ ముదిరింది. నరహరి విస్తరి ముందు చేతులు జోడించాడు.

“నాయినా, వేరే ఇల్లు చూస్త. అవ్వ ఏది వండుకుంటె అది...”

“మాటలియ్యకు కొడుకా,” అంది లింగవ్వ, అతని భుజం మీద చెయ్యి వేసి. “ఆయిన పోయినకాడికెల్లి నువ్వు కండ్లనీళ్లు పెట్టలే. జర ఏడువు.”

ఆసుపత్రి వాళ్లు మూటకట్టి ఇచ్చిన శరీరాన్ని దూరం నుంచే సాగనంపిన కొడుకు అప్పుడు కూలబడిపోయాడు. తల్లి ఒళ్లో ముఖం దాచుకుని, రసం పొయ్యకపోతినే అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. లింగవ్వ అతని తల నిమురుతూ తానూ ఏడ్చింది.

చాలాసేపటికి మెట్ల మీద నుంచి గంగారాం మెల్లగా అన్నాడు:

“వదినె, అన్న ముట్టిండు.”