గాజులేటి మలుపులో మాట

మా ఊరికి దిగువన, గాజులేటి మలుపు దగ్గర, పోటు వేళ ఎవరూ ఒంటరిగా నిలబడరు. నిలబడినా... వినిపించిన మాటకి బదులు పలకరు.

గాజులేరు పెద్ద ఏరేం కాదు. చల్లపల్లి అవతల వరిచేలల్లోంచి దిగే నీళ్ళన్నీ ఒకటై, ప్రతి పొలాన్నీ పలకరించుకుంటూ, మెలికలు తిరుగుతూ సముద్రం వైపు వెళ్తుంది. పగిలిన గాజుముక్కలు వరసగా పేర్చినట్టుంటాయి ఆ వంపులు. అన్నిట్లోకీ మా ఊరి మలుపే ఇరుకు. ఈ గట్టున గుసగుసలాడితే ఆ గట్టుకి వినిపిస్తుంది.

పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటెక్కి ఏటిని వెనక్కి తోస్తుంది. కిందకి వెళ్ళిన నీళ్ళే మళ్ళీ పైకొస్తాయి — ఉప్పగా. ఆ వేళకి మలుపులో ఉన్న తూము తలుపు దించెయ్యాలి. లేకపోతే ఉప్పునీళ్ళు పొలాల్లోకి ఎక్కుతాయి. రైతులు వంతులేసుకుని, దించిన వెంటనే ఇంటికొచ్చేస్తారు.

ఒకసారి వంతుకెళ్ళిన హనోకు బాబాయికి, ఎప్పుడో పోయిన వాళ్ళ నాన్న అన్నానికి రమ్మని పిలిచినట్టు వినిపించిందట. తెల్లారేదాకా అక్కడే కూర్చుండిపోయాడు. దెయ్యం మనవాళ్ళ గొంతు పెట్టుకుని తిరుగుతోందని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

ఇది మా పెదనాన్నగారి కొడుకు ప్రసాదన్నయ్యకి జరిగింది. వాళ్ళావిడ సుష్మిత వదిన నాకు చెప్పింది.

వాళ్ళది ప్రేమపెళ్ళి. వదినావాళ్ళ పొలం అవతలి గట్టున. అన్నయ్య ఇటు, తను అటు, మధ్యలో ఏరు... అలాగే మాట్లాడుకునేవాళ్ళట. వింటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమనేది. మనకీ ఒక ఏరుంటే బావుండుననిపించేది.

కానీ పెళ్ళయ్యాక అన్నయ్యకి అనుమానం పట్టుకుంది. ఫోను మోగితే ఎవరు, నవ్వితే ఎందుకు, డాబా మీద బట్టలారేస్తే ఎవడి కోసం... విని విని వదిన ఒకరోజు తేల్చి చెప్పేసింది. ఇంకొక్కసారి ఆ మాటంటే ఉయ్యూరులో అక్క దగ్గరికి వెళ్ళిపోతాను, మళ్ళీ రాను అని.

ఈ ఏడు నారుమళ్ళ రోజుల్లో, పున్నమికి అన్నయ్య వంతొచ్చింది.

చీకటి పడ్డాక తూము దగ్గరికి వెళ్ళాడు. తలుపు దించే చక్రం మీద చెయ్యి వేశాడో లేదో — నవ్వు. ఆడనవ్వు.

వదిన నవ్వు.

టార్చి కొట్టాడు. అవతలి గట్టున ఎవరూ లేరు. ఏరు మాత్రం వెనక్కి నడుస్తోంది... మెల్లగా. ఆ నీళ్ళ మీద నుంచే ఒక మగగొంతు. ఎంత మెత్తగా ఉందో...

"నువ్వటు నడు. నేనిటు నడుస్తా. ఏరు అయిపోయే చోట కలుద్దాం."

మళ్ళీ నవ్వు. "అక్కడ సముద్రం ఉంటుంది మహానుభావా."

అన్నయ్యకి ఒళ్ళు మండిపోయింది. లేచిపోవడానికి చోటు చెప్పుకుంటున్నారనుకున్నాడు. దెయ్యం గుర్తు రాలేదు... తూమూ గుర్తు రాలేదు. తలుపు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

వదిన వసారాలో కూర్చుని అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తోంది. కోడలు సాయంత్రం నుంచి గడప దాటలేదని పెద్దమ్మ చెబుతూనే ఉంది. అన్నయ్య వింటేగా. ఏరు అయిపోయే చోట కలుద్దామన్నవాడు ఎవడని వీధి వీధంతా వినేలా అడిగాడు.

వదిన నూనెగిన్నె పక్కన పెట్టింది.

"అవి మీ మాటలేనండీ," అంది. "పెళ్ళికి ముందు, ఆ గట్టు మీద మీరన్నవే. పోటుకి నీళ్ళతోపాటు తిరిగొచ్చినట్టున్నాయి."

అన్నయ్య అప్పుడు గుర్తుపట్టాడు. తన గొంతు తనకే తెలియలేదంటే... అంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో మరి.

తెల్లారేసరికి ఉప్పునీళ్ళు పొలాలెక్కాయి. నాలుగు రోజులకి నారంతా ఎర్రబడింది. పక్క చేను శ్యాంబాబు గారు ఊరుకుంటారా — పెళ్ళాం గొంతు వినపడితే మేం ఇంట్లోంచి పారిపోతాం, నువ్వేంటయ్యా ఇంటికి పారిపోయావ్ అని అందరి ముందూ ఆడుకున్నారు.

వదిన ఉయ్యూరు వెళ్ళలేదు. కానీ ఆ తర్వాతి అమావాస్యకి టార్చి పట్టుకుని తనే బయల్దేరింది. అన్నయ్య తోడు వస్తానని లేచాడు. గుమ్మంలో ఆపేసింది.

"మీరు రాకండి," అంది నెమ్మదిగా. "మీరొస్తే వాడు మాట్లాడడు."

అప్పట్నుంచీ వంతు ఎవరిదైనా, తలుపు దించేది వదినే.

అన్నయ్య వసారాలో కూర్చుని దారి చూస్తుంటాడు. వాడెవడో పరాయివాడు కాదు, తనే. అయినా లోపల కుళ్ళిపోతున్నాడు. ఒకసారి పక్కన కూర్చుని ఆ మాటలే మళ్ళీ చెప్పి చూశాడట. వదిన పూర్తిగా విని, వాడన్నట్టు లేదు అని వీధి తలుపు గొళ్ళెం పెట్టడానికి లేచిందట.

మొన్న పున్నమికి ఆలస్యంగా వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. మొహంలో మాత్రం ఒక వెలుగు... ఆ వెలుగు అన్నయ్య చూసి చాలా కాలమైంది.

ఉండబట్టలేక, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమన్నాడు?"

వదిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ అంది.

"ఇవాళ కొత్త మాటన్నాడండీ. మీరెప్పుడూ అననిది."